చురుకుదనానికి ఇరవై మార్కులు

రోజు 1

ప్లేస్‌మెంట్స్ ఇవాళ మొదలయ్యాయి. ఈ నలభై రోజులూ ప్లేస్‌మెంట్ ఆఫీసరు తన చేతిరాతతో దినచర్య రాయాలని నిబంధన. యంత్రానికి చెప్పి రాయిస్తే చెల్లదట. తొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. ఎవరూ చదివిన పాపాన పోలేదు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

పొద్దున్నే, అభ్యర్థి ఎవరో తెలియకుండా ఇంటర్వ్యూలు జరిపే పన్నెండు మరుగు గదులూ తుడిపించాను. అటెండరు సన్యాసిరావు ఎప్పటిలాగే సగం తుడిచి మొత్తం తుడిచేశానన్నాడు. తర్వాత యంత్రాలు సరిచూశాను. నేను లోపల కూర్చుని "నా పేరు హైమావతి, మాది పొట్నూరు" అన్నాను. బయట స్పీకర్లో "అభ్యర్థి ఒకటి" అని ఆడా మగా కాని ఒక చప్పిడి గొంతు పలికింది. పేరు, ఊరు, కులం, వయసు, ఏది చెప్పినా కత్తిరించి పారేస్తుంది. యాసని చదును చేసేస్తుంది. అవతల కూర్చున్న కంపెనీవాళ్ళకి మన ముఖం బదులు బూడిదరంగు గుండ్రం ఒకటి కనిపిస్తుంది. ఈ గదులు వచ్చాక ఎవరి బిడ్డ ఎవరన్న ప్రశ్నే లేదని మా ప్రిన్సిపాల్ విశ్వేశ్వరం గారు ప్రతి సభలోనూ చెబుతారు. నేనూ చప్పట్లు కొడతాను.

మధ్యాహ్నం సమావకాశ పత్రాల మీద సంతకాలు. ఇరవై రెండు కంపెనీలు. "ఈ కంపెనీ పెట్టే ఏ పరీక్షా ఏ వర్గం విద్యార్థులకూ అడ్డుపడదని విచారించి ధ్రువీకరిస్తున్నాను" అని ఉంటుంది, కింద నా పేరు. చెయ్యి నొప్పెట్టేదాకా పెట్టాను. విచారించావా అని అడిగితే మాత్రం నీళ్ళు నమలాల్సిందే.

సాయంత్రం మైలపల్లి కాసులమ్మ వచ్చింది. ఫైనలియర్. సముద్రాన్ని ఆపే గట్టుకి అవతల, నీళ్ళ మీద తేలే తెప్పలపేట పిల్ల. అక్కణ్ణించి మా కాలేజీలో ఈ ఏడాది పధ్నాలుగు మంది ఫైనలియర్ వాళ్ళున్నారు. ఆదివారం పడవెక్కి ఇంటికి పోతారు, సోమవారం తడిసిన సంచులతో క్లాసుకి వస్తారు. దరఖాస్తులో అయిదు కంపెనీలు రాసుకోవచ్చు. ఈ పిల్ల ఒక్కటే రాసింది. కడలికోట. గట్టుకున్న సముద్రపు గేట్లన్నీ నడిపే కంపెనీ అది.

"నాలుగు గళ్ళు ఖాళీగా వదిలేశావేంటమ్మా?" అన్నాను.

కాసేపు ఆగింది. "నాకు గేట్ల గదిలో పని కావాల మేడం."

"అదే ఎందుకు?"

మళ్ళీ ఆగింది. "తుపానొస్తే గేట్లు మూస్తారు గదా. పోయినేడు మా యమ్మ పడవ గేటుకి నూరు బారల్లో ఉండగా మూసేసినారు. ఒక రోజంతా బయటే ఉండిపోనాది. మూసినోళ్ళు సెడ్డోళ్ళు కారు మేడం. బయట పడవలుంటాయని ఆళ్ళకి తోచదు. తోచే మనిషి ఆ గదిలో ఒక్కతైనా ఉండాల."

ఏ కంపెనీకైనా ఒక్కొక్కరికి రెండు ఇంటర్వ్యూ పిలుపులే ఉంటాయని, రెండూ పోతే ఇక అంతేనని చెప్పాను. తెలుసునంది. గేట్ల యంత్రశాస్త్రంలో క్లాసు ఫస్టు. నేను పెద్దగా బెంగపడలేదు.

రోజు 4

కడలికోట మొదటి పిలుపు ఫలితాలు వచ్చాయి. నూట నలభై మంది హాజరు, యాభై ఎనిమిది మంది ఎంపిక. బీరువాలోని నంబర్ల జాబితా తీసి పేర్లతో సరిపోల్చాను. తెప్పలపేట వాళ్ళు పధ్నాలుగు మందీ వెళ్ళారు. ఎంపికైనవాళ్ళు సున్నా.

నిరుటి పుస్తకం తిరగేశాను. నిరుడు తొమ్మిది మంది వెళ్ళారు. సున్నా. అంతకుముందు ఏడాది ఆరుగురు. సున్నా. ఈ మూడు సున్నాలూ నా చేతిరాతే.

రోజు 5

ఇంటర్వ్యూ రికార్డింగులు వినే హక్కు నాకుంది. ఎన్నడూ వాడుకోలేదు. ఇవాళ తలుపేసుకుని విన్నాను. అందరిదీ ఒకే చప్పిడి గొంతు. ఒకే యాస. ఇరవై వినేసరికి నాకు కునుకు పట్టింది.

ముప్పయ్యోదానికి మెలకువ వచ్చింది. ఈ పిల్లో పిల్లాడో ప్రశ్న అయిపోయాక ఒక క్షణం ఊరుకుంటున్నారు. తర్వాతే మొదలు పెడుతున్నారు. ప్రతి ప్రశ్నకీ అంతే. ఆగినంతసేపూ ఒకే కొలత. కాసులమ్మ నా ఎదురుగా నిలబడి ఆగింది గుర్తొచ్చింది.

సన్యాసిరావుని పిలిచి, నంబర్లు నాకు కనపడకుండా నూట నలభై రికార్డింగులూ రెండేసి ప్రశ్నలు వినిపించమన్నాను. విని, "ఇది తెప్పలపేట, ఇది కాదు" అంటూ పోయాను. అతను టిక్కులు పెట్టాడు.

"పధ్నాలుక్కి పధ్నాలుగు మేడం. మీకేటైనా సోదె వచ్చేటి?" అన్నాడు.

ఆ తర్వాత కడలికోట మార్కుల పట్టిక తెప్పించి చదివాను. జవాబులకి ఎనభై. మిగతా ఇరవై 'చురుకుదనం'. ప్రశ్న ముగిశాక అరసెకనులో నోరు విప్పితే ఇరవైకి ఇరవై. సెకనున్నర దాటితే సున్నా. మొత్తం డెబ్బై వస్తేనే ఎంపిక. కాసులమ్మకి జవాబుల్లో ఎనభైకి అరవై మూడు, చురుకుదనంలో సున్నా.

రోజు 6

కాసులమ్మని పిలిచి, ఎందుకు ఆగుతావని అడిగాను. ఆగుతున్నట్టే ఆ పిల్లకి తెలీదు. చాలాసేపు ఆలోచించి అప్పుడు నవ్వింది.

"ఓ, అదా మేడం! వైర్లెస్సు."

తెప్పలపేట మొత్తానికీ ఒకటే వైర్లెస్సు దారి. ప్రతి తెప్ప మీదా, ప్రతి పడవలోనూ ఒక పెట్టె. మీట నొక్కితే మనం మాట్లాడొచ్చు, కానీ ఆ సేపు ఇంకెవరి గొంతూ లోపలికి రాదు. అందుకని ఒకరి మాట అయ్యాక మీట ఒగ్గేసి, రెండు అలలు తెప్పకి తగిలేదాకా ఆగి, అప్పుడు మాట్లాడాలి. ఆ సందులో ఆపదలో ఉన్నవాడు దూరొచ్చు. పడవ తిరగబడ్డవాడు, ఇంజను ఆగినవాడు, నొప్పులొస్తున్న మనిషి. మాటలు రాని పిల్లలకి కూడా ముందు ఈ ఆగడమే నేర్పుతారట.

"ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడూ అంతేనా?"

"అలవాటైపోతాది గదా మేడం."

"మరి మీ ఊళ్ళో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే?"

"అలగే మేడం. అందుకే మా కాడ పోట్లాటలు తెల్లారినా తెమలవు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పిల్ల వెళ్ళిపోయాక నాకు నవ్వు రాలేదు.

రోజు 8

కడలికోట మనిషి మేఘశ్యామ్‌తో తెర మీద మాట్లాడాను. కుర్రాడు మర్యాదస్తుడే. నా మాట పూర్తవకముందే జవాబు చెప్పే రకం.

"మరుగు ఉంది కదా మేడం? ఎవరు ఎవరో మాకు తెలీనప్పుడు ఇంక వివక్ష ఎక్కడిది? అందరికీ ఒకే గడియారం పెట్టాం."

"ఆ గడియారమే ఒక ఊరి వాళ్ళందర్నీ ఏరి పారేస్తోంది బాబూ."

"చురుగ్గా ఉండమనడం కూడా తప్పేనా మేడం?"

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "హైమావతి గారూ, కడలికోట మన కాలేజీలో అందరికంటే ఎక్కువ మందిని తీసుకునే కంపెనీ. దాన్ని గెలకొద్దు. పిల్లలకి కాస్త తర్ఫీదు ఇవ్వండి. ఆగకపోతే గొడవే లేదు కదా!"

నాకూ అది తెలివైన మాటలాగే తోచింది. రెండో పిలుపు పద్ధెనిమిదో రోజున. పది రోజులు చాలనుకున్నాను.

రోజు 12

రోజూ క్లాసులయ్యాక సెమినార్ హాల్లో పధ్నాలుగు మందికీ తర్ఫీదు. నేను ప్రశ్న అడిగి, అది పూర్తవగానే స్కేలుతో బల్ల మీద ఠక్కున కొడతాను. ఆ చప్పుడుకి ముందే నోరు విప్పాలి. మొదటి రోజు అందరూ బల్ల చప్పుడు విని, అయ్యాక రెండు అలలు ఆగి, అప్పుడు చెప్పారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇవాళ్టికి అయిదుగురు దారిలో పడ్డారు. అందరికంటే ముందు కాసులమ్మ. పట్టు పడితే వదిలే పిల్ల కాదు. హాస్టల్లో కూడా స్నేహితురాలి చేత బల్ల మీద కొట్టించుకుంటోందట.

రోజు 17

స్కేలు విరిగింది. పధ్నాలుగు మందీ ఠకీఠకీమని చెబుతున్నారు. ఒకరి మాటకి ఒకరు అడ్డం పడి మరీ చెబుతున్నారు. అచ్చం గట్టు మీద పిల్లల్లా తయారయ్యారని మురిసిపోయి అందరికీ బొబ్బట్లు తెప్పించాను. ఈ వాక్యం కొట్టెయ్యడానికి నిబంధన ఒప్పుకోదు. అందుకని ఉంచుతున్నాను.

రోజు 19

రెండో పిలుపు ఫలితాలు. తెప్పలపేట నుంచి నలుగురు ఎంపికయ్యారు! సన్యాసిరావు ఈలేశాడు. మొత్తం కడలికోట ఎంపికలు అరవై రెండు.

కాసులమ్మ లేదు. చురుకుదనం ఇరవైకి ఇరవై. జవాబులు నలభై తొమ్మిది. మొత్తం అరవై తొమ్మిది. ఒక్క మార్కు.

రికార్డింగు విన్నాను. రెండు గేట్లు ఒకేసారి మొరాయిస్తే ముందు దేన్ని చూస్తావని అడిగారు. రెండో ఏడు నుంచీ తెలిసిన జవాబు. ప్రశ్న ముగియకముందే తప్పు చెప్పేసింది. తర్వాత ఆ తప్పు దిద్దుకుందామని ఇంకో తప్పు చెప్పింది.

ఆ పిల్ల వచ్చి పట్టిక చూసుకుని, "పోనీలెండి మేడం" అని వెళ్ళిపోయింది. అసలు ఆగకుండా అంది ఆ మాట.

రోజు 22

సోమవారం. కాసులమ్మ క్లాసుకి పోకుండా తిన్నగా నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో వైర్లెస్సు దగ్గర ఉందట. నా దగ్గరే తర్ఫీదైన పిన్ని కూతురితో ఏవో కబుర్లు. అటు మాట అవగానే ఇటు, ఇటు మాట అవగానే అటు మీట నొక్కేస్తున్నారు. ఇద్దరికీ తెలీదు. పది రోజుల అలవాటు. ఆ సమయంలోనే గరికిన తాతారావు అనే పెద్దాయన పడవ బల్లకీ ఇంజనుకీ మధ్య కుడిచెయ్యి ఇరుక్కుపోయి, ఎడమచేత్తో మీట నొక్కుతూనే ఉన్నాడట. సందు దొరకలేదు. కబుర్లు అయిపోయేదాకా దొరకలేదు.

"బతికినాడు మేడం. కుడిసేతి ఏళ్ళు మూడు పోనాయి."

మీ వాళ్ళేమన్నారని అడిగాను.

"ఎవరూ నన్నేటీ అన్లేదు మేడం. అంటే బాగుండు. కానీ రాత్రి కాణ్ణించి నాను వైర్లెస్సులో మాటాడినాక మా వోళ్ళు రెండలలు కాదు, నాలుగలలు ఆగుతన్నారు. సిన్నపిల్లలు మీటతో ఆడినప్పుడు అలగ ఆగుతారు. లేపోతే గట్టోళ్ళు ఒచ్చి మాటాడినప్పుడు." కళ్ళు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది. "నాకు ఆ ఉద్యోగం కావాల. ఇప్పటికీ కావాల. కానీ ఆగడం మాత్రం ఇంక ఒగ్గను మేడం. మీరు తిట్టినా ఒగ్గను."

ఆ పిల్ల వెళ్ళాక విరిగిన స్కేలు ముక్కలు చెత్తబుట్టలో పడేశాను. ఎంత సిగ్గేసిందో రాయడానికి నాకు మాటలు చాలవు. తప్పు గడియారానిది అని తెలిసి కూడా గడియారాన్ని వదిలేసి పిల్లల్ని దిద్దాను. పైగా బొబ్బట్లు.

రోజు 23

సమావకాశ పత్రం మొట్టమొదటిసారి పూర్తిగా చదివాను. ఏడో నిబంధన ముక్కుసూటిగా ఉంది. పరీక్ష అందరికీ ఒకటే అయినా, అది ఒక వర్గం వాళ్ళని ఎక్కువగా తోసేస్తుంటే, ఆ పనికి అది తప్పనిసరని కంపెనీయే రుజువు చెయ్యాలి. ఎవరు ఎవరో తెలుసా తెలీదా అన్న ప్రసక్తే లేదు. చెయ్యలేకపోతే క్యాంపస్‌లోకి రాకూడదు.

కడలికోట పత్రం మీది నా సంతకం వెనక్కి తీసుకున్నాను. జిల్లా సమావకాశ అధికారికి ఫిర్యాదు పంపాను. విచారణ అయ్యేదాకా అరవై రెండు ఎంపికలూ ఆగిపోయాయి.

రోజు 25

నా గది ముందు జనం. ఎంపికైన పిల్లల్లో దువ్వారపు ప్రణీత్ అనే అబ్బాయి అందరి తరఫునా మాట్లాడాడు.

"మేడం, మా అమ్మ ఊరంతా చెప్పేసుకుంది. ఇప్పుడు ఆగిపోయిందని ఎలా చెప్పమంటారు? ఎవరో కొందరి కోసం మా నోటి దగ్గర కూడు లాగేస్తారా?"

అతని కోపం అబద్ధం కాదు. తెప్పలపేట నుంచి ఎంపికైన నలుగురిలో ఇద్దరు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. వాళ్ళవైపు నేను చూడలేకపోయాను.

"నీ మార్కులు నీవే బాబూ. అవి ఎక్కడికీ పోవు," అన్నాను. "నాలుగు రోజులు ఓపిక పట్టు. నేను వెనక్కి తగ్గితే వచ్చే ఏడు కూడా ఇదే సున్నా రాస్తాను. ఇంక నావల్ల కాదు."

ప్రిన్సిపాల్ గారు సాయంత్రం లోపల ఫిర్యాదు ఉపసంహరించుకుంటే అందరికీ మంచిదన్నారు. ఎవరెవరికి మంచిదో పేర్లు రాసిమ్మని అడిగాను. ఆయన రాయలేదు. సాయంత్రం అయింది, నేనూ ఉపసంహరించుకోలేదు.

రోజు 29

సెమినార్ హాల్లో విచారణ. అధికారి మహబూబ్‌బీ గారు. సన్నగా, గొంతెత్తకుండా మాట్లాడే మనిషి. మేఘశ్యామ్ సూటు వేసుకొచ్చాడు.

"గేట్ల గదిలో క్షణం ఆలస్యమైనా ప్రమాదం మేడం. అందుకే చురుకుదనం కొలుస్తాం," అన్నాడు.

"ఒక గేటు మూసుకోవడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగారామె.

"పదకొండు నిమిషాలు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇప్పుడు ఆ గదిలో పనిచేస్తున్న వాళ్ళని ఈ గడియారంతో ఎప్పుడైనా కొలిచారా అని అడిగారు. కొలవలేదన్నాడు. ఆలస్యంగా మాట్లాడటం వల్ల ఏ ప్రమాదమైనా జరిగిన దాఖలా ఉందా? వెతికి పంపుతానన్నాడు.

తర్వాత కాసులమ్మని పిలిచి, మీ ఊళ్ళో ఎందుకు ఆగుతారని అడిగారు. కాసులమ్మ ఆగింది. ఆ సందులో మేఘశ్యామ్, "అది వాళ్ళ అలవాటు మేడం, మేం గౌరవిస్తాం" అన్నాడు. మళ్ళీ అడిగారు. కాసులమ్మ ఆగింది. "పెద్ద సమస్యేం కాదు మేడం, తర్ఫీదు ఇస్తే పోతుంది," అన్నాడు మేఘశ్యామ్. మూడోసారి కాసులమ్మ నోరు తెరిచేలోపు అతను మళ్ళీ అందుకున్నాడు.

మహబూబ్‌బీ గారు కలం కింద పెట్టారు. "నేను ఆ అమ్మాయిని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ జవాబు మీ దగ్గర్నించి వచ్చింది. గేట్ల గదిలో కూడా ఇలాగే చేస్తారా?"

అతని ముఖం ఎర్రబడింది. పాపం, నిజంగానే అతనికి తెలియకుండా చేశాడు. అప్పుడు కాసులమ్మ చెప్పింది. వైర్లెస్సు సంగతి, రెండలల సంగతి, తాతారావు వేళ్ళ సంగతి. తన తప్పుని ఎక్కడా దాచలేదు. నా స్కేలు సంగతి మాత్రం చెప్పలేదు. చెప్పమని నేను కళ్ళతో సైగ చేసినా చెప్పలేదు.

రోజు 31

తీర్పు వచ్చింది. చురుకుదనం గడి తీసెయ్యాలి. జవాబుల మార్కులతోనే లెక్క కట్టాలి. ఎనభైకి యాభై ఆరు వస్తే ఎంపిక. ఇప్పటికే ఎంపికైన అరవై రెండు మందినీ కదపకూడదు. ప్రణీత్ హాస్టలంతా పరుగెత్తాడట.

తెప్పలపేటలో మిగిలిన పదిమందిలో తొమ్మిదిమంది పేర్లు జాబితాలో ఉన్నాయి. నేను మూడుసార్లు చదివాను. కాసులమ్మ పేరు లేదు.

రెండు పిలుపులకీ వెళ్ళినవాళ్ళకి చివరి పిలుపు మార్కులే చెల్లుతాయని నిబంధన. మిగతా తొమ్మిదిమందీ రెండో పిలుపులో పాత అలవాటుకొద్దీ ఆగిపోయారు కాబట్టి, చురుకుదనం పోయినా వాళ్ళ జవాబులు గట్టెక్కాయి. కాసులమ్మ మొదటిసారి తెచ్చుకున్నవి అరవై మూడు. నేను నేర్పాక తెచ్చుకున్నవి నలభై తొమ్మిది. ఆ పధ్నాలుగు మార్కులూ నేను పోగొట్టినవి. తాను ఆగినప్పుడు కంపెనీ వద్దంది. ఆగనప్పుడు నా తర్ఫీదు ముంచింది.

రోజు 32

మహబూబ్‌బీ గారికి ఫోను చేశాను. దారి ఒకటుందన్నారు. కాలేజీ తప్పు వల్ల చివరి పిలుపు చెడిందని ప్లేస్‌మెంట్ ఆఫీసరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే, ముందటి మార్కులు తీసుకోవచ్చు.

"కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి," అన్నారు. "అలా ఒప్పుకున్న ఆఫీసరు ఇంకెప్పుడూ కంపెనీల పత్రాల మీద సంతకం పెట్టకూడదు. మీ పదవి పోతుంది."

"ఎంత పెద్ద కాగితం కావాలి?"

"ఒక పేజీ చాలు."

ప్రిన్సిపాల్ గారికి చెబితే నిజంగానే బాధపడ్డారు. "మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపలేదు కదండీ! తొమ్మిది మందికి వచ్చింది. ఒక్క పిల్ల కోసం తొమ్మిదేళ్ళ సర్వీసు పాడు చేసుకుంటారా?"

"ఆ పిల్ల నన్ను వేలెత్తి చూపలేదు కాబట్టే సార్," అన్నాను.

రాసింది ఇక్కడా దించుతున్నాను: "కడలికోట పరీక్ష తెప్పలపేట విద్యార్థులకు అడ్డుపడుతోందని అయిదో రోజునే గ్రహించాను. ఫిర్యాదు చెయ్యవలసిన దానిని, చెయ్యకుండా విద్యార్థుల చేత వారి ఊరి పద్ధతిని పది రోజుల పాటు బలవంతంగా మాన్పించాను. మైలపల్లి కాసులమ్మ రెండో పిలుపులో తడబడటానికీ, గరికిన తాతారావు గారి చేతికి సాయం ఆలస్యం కావటానికీ నా తర్ఫీదే కారణం. పి. హైమావతి."

ఈ ఏడు నేను చదివి పెట్టిన మొదటి సంతకం ఇదే.

రోజు 37

కాసులమ్మ ఎంపికైంది. ఉత్తరువు నా చేతికే వచ్చింది. పిలిచి ఇచ్చాను. చదువుకుని, మడిచి, విప్పి, మళ్ళీ చదివింది. నా కాగితం సంగతి ఎవరు చెప్పారో మరి, "మీ కుర్చీ పోనాదంట గదా మేడం?" అంది. పోయిందన్నాను. ఫస్టియర్ వాళ్ళకి డ్రాయింగు చెప్పాలట ఇకనుంచి. "మీకు గీత తిన్నగా రాదు గదా?" అంది. రాదన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఈ దినచర్య మాత్రం మొదలుపెట్టినవాళ్ళే ముగించాలట. మిగిలిన ఇరవై ఒక్క కంపెనీల పట్టికలూ నాలుగు రోజులు కూర్చుని చదివాను. ఇంకో మూడింటిలో ఇదే గడి ఉంది, వేరే వేరే పేర్లతో. ఆ సంగతి కొత్త ఆఫీసరుకి చెప్పాను. చూద్దామన్నాడు. ఆ 'చూద్దాం' నేను తొమ్మిదేళ్ళు అన్నదే.

రోజు 40

పొద్దున్నే చేపల పడవలో తెప్పలపేట వెళ్ళాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. తాతారావు గారి తెప్ప మీద అడుగు పెట్టాను. ఆయన గోడకి చేరబడి కూర్చున్నాడు. కుడిచేతికి కట్టు. కాసులమ్మా, ఆ ఇంటావిడా ఆయన పక్కన నిలబడ్డారు.

నేను ఎవరో, ఏం చేశానో చెప్పి, క్షమించమన్నాను.

ఆయన ఆగాడు. నేనూ ఆగాను. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమో నాకే తెలుసు.

"కోపం ఉంది మేడం," అన్నాడు చివరికి. "ఉంటాది. ఇది పోయేది కాదు. పిల్లకి ఉద్దోగం ఒచ్చిందా?"

"వచ్చిందండీ. వచ్చే నెల ఒకటో తారీకున గేట్ల గదిలో చేరుతుంది."

తల ఊపాడు. "ఇంకా మూడు కంపెనీల్లో ఇదే లెక్కంట గదా? మన కాసులమ్మ గుంట సెప్పింది. మరేటి సేస్తారు?"

"నాకిప్పుడు ఆ కుర్చీ లేదండీ."

"కుర్చీ పోతే నోరు కూడా పోద్దేటి?"

ఒళ్ళు మండింది, నా మీద నాకే. నిబంధనల పుస్తకం నా సంచిలోనే ఉంది. తీసి చూశాను. ఫిర్యాదు చెయ్యడానికి పదవి అక్కర్లేదు. ఆ పరీక్ష వల్ల నష్టపోయిన ఊరి వాళ్ళు అయిదుగురు సంతకం పెడితే చాలు. అక్కడే చాప మీద కూర్చుని మూడు ఫిర్యాదులూ రాశాను. కాసులమ్మ కంపెనీల పేర్లు చెబుతూ ఉంటే, ఇంటావిడ చుట్టుపక్కల తెప్పల వాళ్ళని కేకేసింది. జనం చేరారు. నిరుడు ఎంపిక కానివాళ్ళలో ముగ్గురు కూడా వచ్చారు.

కాగితాలు ముందు కాసులమ్మకి ఇవ్వబోతే తాతారావు గారు ఆపాడు. "నాది ముందు. నా సెయ్యి కన్నా సాచ్చికం ఏటి కావాల?"

వేలిముద్ర వేస్తారా అని అడిగాను. తలెత్తి నావైపు చూశాడు. తనకి రాయడం వచ్చన్నాడు. కలం ఎడమచేత్తో తీసుకున్నాడు. ఆ చేత్తో అంతకుముందు ఎప్పుడూ రాయలేదు. గరికిన అన్న నాలుగక్షరాలకే కాగితం సగం నిండిపోయింది. తెప్ప ఊగినప్పుడల్లా ఆగి, మళ్ళీ మొదలు పెట్టాడు. మూడు కాగితాల మీదా పూర్తి పేరు రాసేసరికి చాలాసేపు పట్టింది. మేమెవరం తొందరపెట్టలేదు.